బాగున్నవాళ్ల లెక్క

వంటపిన్నిని గేటు దాటించిన వేళకి పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. గురువారం పొద్దున పదిన్నర. ఆఫీసు గుమాస్తా వంటింటి గుమ్మంలోకి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండానే, "పిన్నీ, ఇవాళ్టినుంచి నిన్ను రావద్దన్నారు" అని చెప్పేశాడు. ఆమె ఎందుకని అడగలేదు. "మరి ఎసరు?" అంది. పంతొమ్మిదేళ్లుగా రెండు వందల నలభై మందికి వండి వార్చిన మనిషికి ఆ క్షణాన అంతకంటే పెద్ద విషయం తోచలేదు పాపం. గుమాస్తా అప్పటికే వెనక్కి తిరిగాడు. ఆమె గరిటె పట్టుకునే గేటు దాకా నడిచింది. గేటు దగ్గర కాపలామనిషి చెయ్యి చాపితే అప్పుడు చూసుకుని ఇచ్చేసింది.

ఇదంతా డిస్పెన్సరీ కిటికీలోంచి నర్సు చూసింది. చూసి ఊరుకోవడానికి లేదు. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితంలో మొదటి మాటే "నర్సు నివేదిక ప్రకారం" అని.

ఏం నివేదిక? అరచేతి వెడల్పు చీటీ. బుధవారం పొద్దెక్కినకొద్దీ ఆ చొక్కాల ఫ్యాక్టరీలో జనం కడుపు పట్టుకుని డిస్పెన్సరీకి వరస కట్టారు. వాంతులు, విరేచనాలు, నీరసం. ఇరవై రెండు మంది. ఒక చేత్తో సెలైన్లు పెడుతూ, ఇంకో చేత్తో బకెట్లు జరుపుతూ, నర్సు ప్రతివాళ్లనీ ఒకటే అడిగింది. "నిన్న ఏం తిన్నావ్?" పంతొమ్మిది మంది క్యాంటీన్లో గుడ్లకూర తిన్నామన్నారు. "వచ్చినవాళ్లు 22, గుడ్లు తిన్నవాళ్లు 19" అని చీటీ రాసి మేనేజరుకి పంపింది. ఆయన పంతొమ్మిది కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు. అంతే, పిన్ని ఉద్యోగం ఊడడానికి ముహూర్తం కుదిరిపోయింది. శనివారం నాలుగింటికి తొలగింపు కాగితం మీద సంతకం.

మధ్యాహ్నం మూడింటికి ఆరోగ్యశాఖ వాళ్ల డొక్కు జీపు వచ్చింది. అందులోంచి పెద్ద డాక్టరమ్మ దిగింది. నెరిసిన జుట్టు, చంకలో దుమ్ముపట్టిన ఫైలు, చేతిలో తన మంచినీళ్ల సీసా. ఎక్కడికి వెళ్లినా అక్కడి నీళ్లు ముట్టదట. చీటీ చదివి కళ్లజోడు పైనుంచి నర్సుని చూసింది.

"బాగానే ఉంది. మరి బాగున్నవాళ్లలో ఎంతమంది గుడ్లు తిన్నారు?"

"బాగున్నవాళ్లనా?" నర్సు తెల్లబోయింది. "వాళ్లనెందుకు అడుగుతామండీ? వాళ్లకేం రోగం?"

డాక్టరమ్మ కళ్లజోడు జారిపోయేటంతగా నవ్వింది. "ఏ రోగమూ లేదు తల్లీ! అందుకే వాళ్లు కావాలి మనకి."

ఇక నర్సు బల్ల మీదే పాఠం మొదలెట్టింది. ముందు ఎవరిని రోగి అనాలో తేల్చుకోవాలట. కడుపులో తిప్పినట్టుందన్న ప్రతివాడినీ కలిపేస్తే అంతా కలగాపులగం. మంగళవారం మధ్యాహ్నంనుంచి గురువారం మధ్యాహ్నంలోగా వాంతి అయినవాళ్లు, లేదా ఒకే రోజులో మూడు విరేచనాలైనవాళ్లు, వాళ్లే మన లెక్కలో కేసులు. తర్వాత జాబితా. మనిషికో వరస. ఏ హాలు, జబ్బు చేసిందా, చేస్తే ఏ గంటకి మొదలైంది, ఏం తిన్నారు, ఏం తాగారు.

"అప్పుడు తిన్నవాళ్లని ఒకవైపు పెట్టు, తిననివాళ్లని ఒకవైపు పెట్టు. ఇటు వందకి ఎంతమంది జబ్బు పడ్డారు, అటు వందకి ఎంతమంది పడ్డారు, చూడు. దాన్నే దాడి రేటు అంటారు. పైన పడ్డవాళ్ల అంకె, కింద మొత్తం అంకె. ఆ కింది అంకె లేకుండా పై అంకెకి విలువ లేదమ్మా."

"ఇదంతా నేను చెయ్యాలాండీ?"

"నాకింకా రెండు ఊళ్లున్నాయి. శనివారం సాయంత్రం వస్తాను. ఈలోగా ఫోన్ ఉందిగా." డాక్టరమ్మ జీపెక్కింది. నర్సు బల్ల ముందు కూలబడింది. అంటే, తన చీటీలో పై అంకె మాత్రమే ఉంది. కింది అంకె లేకుండానే పిన్ని గేటు దాటింది.

ఇంటికెళ్లాక ఆ మాటే మొగుడితో అంది. ఆయన బస్సు కండక్టరు. కాళ్లు కడుక్కుంటూ తాపీగా విని, పెద్దగా నవ్వాడు.

"మా డిపోలో ఒక మహానుభావుడున్నాడులే. బస్సులో గొడవలు పెట్టేవాళ్లలో సగం మంది కిటికీ పక్క సీటువాళ్లేనని కనిపెట్టాడు. మూడు నెలలు పుస్తకంలో రాసి మరీ తేల్చాడు."

"నిజమేనా?"

"నిజమేనే! బస్సులో సగం సీట్లు కిటికీ పక్కనే కదా!"

నర్సు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. పంతొమ్మిది మంది గుడ్లు తిన్నారు సరే. ఆ ఫ్యాక్టరీలో అసలు గుడ్లు తిననిదెవరు? "ఏవండీ, మీరు..." అంటూ మాట పూర్తి చెయ్యకుండానే లేచి పిల్ల స్కూలు సంచిలోంచి పొడుగు నోటుపుస్తకం లాగింది.

"మావాడు పెళ్లయ్యాక మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. తారీఖు రాసి పెట్టుకోవే" అంది అత్తగారు మూలనుంచి.

శుక్రవారం పొద్దున ఫ్యాక్టరీ తలుపులు తెరవకముందే నర్సు వచ్చేసింది. కొయ్య స్కేలుతో రెండు వందల నలభై వరసలు గీసింది. చూపుడువేలు నల్లబడింది. హాళ్లు నాలుగు. కటింగులో నలభై మంది, కుట్టులో వంద, ఇస్త్రీలో యాభై, ప్యాకింగులో యాభై. పుస్తకాన్ని అట్టకి తగిలించుకుని, మెళ్లో పెన్సిలు దారం కట్టుకుని, కటింగు హాలుతో మొదలుపెట్టింది.

గుడ్డ తానులు పరిచిన బల్లల మీద సుద్దగీతల వెంట కత్తెరలు నడుస్తున్నాయి. ఎవరూ చెయ్యి ఆపలేదు. ఆపనక్కర్లేదంది నర్సు. కత్తెర నడుస్తుంటేనే అడిగింది. కుట్టు హాల్లో మోతకి చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. ఇస్త్రీ హాల్లో ఆవిరికి కాగితం మెత్తబడితే కొంగుతో ఒత్తుకుంటూ రాసింది. రానివాళ్లకి ఫోన్లు చేసింది. ఫోన్ ఎత్తనివాళ్ల ఇళ్లకి మధ్యాహ్నం అన్నం మానేసి నడిచింది.

"నాకేం కాలేదక్కా! నన్నెందుకు?"

"నీకేం కాలేదనే నిన్ను అడుగుతున్నా. గుడ్లు తిన్నావా?"

"మూడు తిన్నా. పిన్నిని బతిమాలి ఇంకోటి వేయించుకున్నా."

"మూడా! దేవుడు చల్లగా చూడాలి నిన్ను" అని నర్సు రాసుకుంది. మూడు గుడ్లు మింగి రాయిలా ఉన్న ఆ ప్యాకింగు మనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది ఆమెకి. నిన్నటిదాకా ఇలాంటివాళ్లు తన కంటికే ఆనలేదు. ఇప్పుడు ప్రతి ఆరోగ్యవంతుడూ ఓ సాక్షిలా కనబడుతున్నాడు. కాళ్లు పీకుతున్నాయి, కడుపు కాలుతోంది, అయినా ఈలెయ్యాలన్నంత హుషారుగా ఉంది. ఉద్యోగంలో చేరాక గాయాలు కడిగింది, మాత్రలిచ్చింది, సూదులు గుచ్చింది. రోగాన్ని వెనకనుంచి వెంటాడడం ఇదే మొదలు.

సాయంత్రం ఐదింటికి కూడికలు పూర్తయ్యాయి. మొత్తం కేసులు నలభై ఎనిమిది. గుడ్లు తిన్నవాళ్లు నూట తొంభై రెండు మంది, అందులో పడ్డవాళ్లు ముప్ఫై తొమ్మిది. తిననివాళ్లు నలభై ఎనిమిది మంది, అందులో పడ్డవాళ్లు తొమ్మిది. వేళ్ల మీద, కాగితం మీద, మళ్లీ వేళ్ల మీద లెక్క కట్టింది. తిన్నవాళ్లలో ఐదుగురికి ఒకరు. తిననివాళ్లలోనూ దాదాపు ఐదుగురికి ఒకరే!

"గుడ్లు కాదు!" అని కేకేసింది ఖాళీ డిస్పెన్సరీలో. గోడకున్న గడియారం తప్ప వినేవాళ్లు లేరు. పుస్తకం చంకన పెట్టుకుని మేనేజరు గదికి పరుగెత్తింది.

ఆయన ఓపిగ్గానే విన్నాడు. తొందరేముంది, ఆయన మెడ మీద కత్తి లేదుగా. "సరేనమ్మా, గుడ్లు కాదు. మరేమిటి? అది చెప్పు. ఏదో ఒకటి తేలకపోతే పైవాళ్లకి నేనేం చెప్పను? రేపు నాలుగింటిదాకా టైముంది నీకు."

శనివారం పొద్దున నర్సు గళ్ల కాగితం తీసుకుంది. గంటల్ని కింద అడ్డంగా రాసింది. ఏ గంటకి ఎవరికి మొదలైందో చూసి మనిషికో గడి నింపింది, ఒకదాని మీద ఒకటి. బుధవారం తెల్లవారుజామున ఒక గడి. తర్వాత రెండు, నాలుగు. పొద్దెక్కేసరికి గడులు గుట్టలా లేచాయి. గురువారానికి జారి నేలకి దిగిపోయాయి. డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"ఒకటే గుట్టా? అలలు అలలుగా లేదా?"

"ఒకటేనండీ."

"భేష్. ఒకళ్లనుంచి ఒకళ్లకి పాకిన జబ్బైతే అలల్లా వచ్చేది. ఒకే గుట్ట అంటే అందరూ ఒకే పూట ఒకేదేదో మింగారన్నమాట. క్రిమి కడుపులో పడ్డాక బయటపడడానికి కొన్ని గంటలు పడుతుంది, పొదిగే కాలం అంటాం. ఇలాంటివాటికి అరరోజునుంచి రెండు రోజులు. వెనక్కి లెక్కేసుకో."

"మంగళవారం మధ్యాహ్నం" అంది నర్సు.

"ఎప్పుడో తెలిసింది. ఎవరో తెలిసింది. ఇక ఎక్కడో చూడు. హాళ్లవారీగా విడగొట్టు."

విడగొట్టింది. కటింగులో నలభైకి ఒకరు. ప్యాకింగులో యాభైకి ఇద్దరు. ఇస్త్రీలో యాభైకి పదిహేను. కుట్టులో వందకి ముప్ఫై. అబ్బ! అంకెలు చెంప మీద కొట్టినట్టు చెబుతున్నాయి. రేకుల కప్పు కిందున్న ఆ రెండు హాళ్లలోనే నూటికి ముప్ఫై. మిగతా రెండింటిలో ఏదో వచ్చామంటే వచ్చామన్నట్టు. ఆ రెండు హాళ్లకి ఏముంది ఉమ్మడిగా? మంచినీళ్ల కుండలా? నాలుగు హాళ్లకీ ఒకే కుండలు. మరుగుదొడ్లా? అవీ అందరివీ. టీయా? మంగళవారం అసలు టీ రాలేదు. నర్సు ఆ హాళ్లలో బల్లల కింద దూరింది, కిటికీలు తడిమింది, ఫ్యాన్ల వైపు అనుమానంగా చూసింది. పదకొండయింది.

అప్పుడే కుట్టు హాల్లో బొంగరం కనబడింది. కాలర్లు కుట్టే మనిషి. ఒక్కచోట నిలవదని అందరూ పెట్టిన పేరు అది. మూడు రోజులు మంచంలో ఉండి ఇవాళే వచ్చింది. కళ్లు లోపలికి పోయాయి, నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. నర్సుని చూడగానే మిషను ఆపి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నీ కడుపు చల్లగుండ. మంగళవారం ఎండకి మేం సొమ్మసిల్లుతుంటే నువ్వు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించావు చూడు, అదే నన్ను కాపాడింది. ముందురోజే ఒంట్లో ఆ సత్తువ పడింది కాబట్టి బతికి బట్టకట్టాను. లేకపోతే ఈపాటికి..."

బొంగరం ఇంకా ఏదో అంటోంది. నర్సుకి వినబడలేదు.

మంగళవారం. మధ్యాహ్నం మూడు. రేకుల కప్పు కింద ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. కుళాయిలో చుక్క నీరు లేదు, మోటారు కాలిపోయింది, కుండలు అప్పటికే ఖాళీ. ఇంకా పదిమంది పడిపోయేలా ఉన్నారు. నర్సు తానే వెనక పెరట్లోకి పరుగెత్తి, గుడ్డ తడిపే తొట్టిలోంచి నీళ్లు ముంచి, డ్రమ్ములో ఉప్పూ చక్కెరా కలిపింది. కాచడానికి వ్యవధి ఏదీ? ఇంత ఉప్పు పడ్డాక ఏం కాదులే అనుకుంది. వేడి ఎక్కువున్న రెండు హాళ్లకీ తన చేత్తోనే మగ్గుతో పోసింది. అదొక తినేది అనిగానీ తాగేది అనిగానీ ఆమె బుర్రలో లేదు. అది మందు. డిస్పెన్సరీది. రెండు వందల నలభై మందిని అన్నం అడిగింది, కూర అడిగింది, టీ అడిగింది, కుండ నీళ్లు అడిగింది. తనిచ్చినదాన్ని మాత్రం ఒక్కళ్లనీ అడగలేదు.

పెరట్లోకి వెళ్లి చూసింది. తొట్టి మూత సగం విరిగి ఉంది. అంచు మీద మూడు పావురాలు తీరుబడిగా కూర్చున్నాయి. వాటి రెట్టలు తెల్లగా లోపలిదాకా చారలు కట్టాయి.

అక్కడే నిలబడి పుస్తకం చించేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. పిల్ల స్కూలూ, అత్తగారి కీళ్లనొప్పుల మందులూ, ఒంటి మీది తెల్లకోటూ, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కానీ ఇంకో సంగతి కూడా ఉంది, చెబితే నమ్మరు. లెక్క తేలబోతోందన్న ఉద్వేగం ఆమెని నిలవనివ్వడం లేదు. భయంతో చేతులు చల్లబడ్డాయి, అదే చేతులు పెన్సిలు వెతుక్కున్నాయి. పుస్తకంలో కొత్త గడి గీసి, మళ్లీ మొదటి వరసనుంచి బయల్దేరింది.

"మంగళవారం నేనిచ్చిన నీళ్లు తాగావా?"

రెండున్నరకి లెక్క తేలింది. రెండు హాళ్లలో తాగినవాళ్లు నూటపది మంది. వాళ్లు కాక కుట్టు హాల్లో కబుర్లకని వచ్చి ఒక మగ్గు పట్టించిన కటింగు మేస్త్రీ ఒకడు. ఇస్త్రీ హాల్లో అక్కని చూడ్డానికొచ్చిన ప్యాకింగు పిల్ల ఒకతె. ఆ ఇద్దరూ పడ్డవాళ్లే! కటింగు, ప్యాకింగు హాళ్లలో వీళ్లకెందుకు జబ్బు చేసిందా అని పొద్దున్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుంటోంది, ఇప్పుడు తాళంలో తాళంచెవి పడ్డట్టు పడ్డారు. తాగిన నూటపన్నెండు మందిలో పడ్డవాళ్లు నలభై ఐదు. తాగని నూట ఇరవై ఎనిమిది మందిలో ముగ్గురు.

నూటికి నలభై ఒకవైపు. నూటికి రెండో మూడో ఒకవైపు. ఇక తూకం వెయ్యాల్సిన పని లేదు.

మేనేజరు ఆ అంకెలు చూసి కుర్చీలోంచి లేచాడు. "శభాష్! ఇదీ పనంటే! ఏ నీళ్లమ్మా ఇవి?"

"నేనిచ్చినవండీ. తొట్టి నీళ్లు."

ఆయన కూర్చున్నాడు. వెళ్లి తలుపు వేసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నీ నెత్తిన నువ్వే చెయ్యి పెట్టుకుంటావెందుకు? నువ్వు మంచికే చేశావు. వంటమనిషి ఎలాగూ వెళ్లిపోయింది. 'తాగునీరు' అని ఒక్క మాట రాయి. ఎవరిచ్చారు, ఎక్కడివి, ఇవన్నీ దేనికి?"

"తాగునీరంటే మళ్లీ పిన్నే కదండీ. కుండలు తోమేదీ నింపేదీ ఆవిడే."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన మరీ చెడ్డవాడేం కాదు. గొడవ లేకుండా రోజు గడిస్తే చాలనుకునే మనిషి. నర్సు బల్ల మీద కాగితం సర్దుకుని రాసింది. "నీళ్లు పెరటి తొట్టివి. కాచలేదు. కలిపి పోసినది నర్సు." సంతకం పెట్టింది. బుధవారం నాటి తన చీటీ కూడా అడిగి తీసుకుని, ఎర్రగీతల మీదుగా "ఇది తప్పు" అని రాసి, దాని కిందా సంతకం పెట్టింది. గోడ గడియారంలో మూడూ నలభై.

నాలుగున్నరకి డాక్టరమ్మ వచ్చి తొట్టి నీళ్లు సీసాలో పట్టించింది. పరీక్ష తేలడానికి నాలుగు రోజులు పడుతుందంది. కాగితం రెండుసార్లు చదివింది. "కాచకపోవడం పెద్ద తప్పేనమ్మా. విచారణ తప్పదు. నేనేం దాచను" అంది. ఫైలు మూస్తూ, "గళ్ల కాగితం మాత్రం నాకివ్వు, కొత్తగా చేరేవాళ్లకి చూపిస్తాను" అని అడిగింది. సిగ్గూ గర్వమూ ఒక్కసారే పొంగుకొచ్చి నర్సుకి కళ్లు చెమర్చాయి.

సోమవారం పొద్దున డిస్పెన్సరీకి తాళం వేసి ఉంది. విచారణ అయ్యేదాకా నర్సు లోపలికి వెళ్లకూడదని బోర్డు మీద కొత్త కాగితం. పాతదాన్ని పీకేసిన చోటే అంటించారు. నర్సు దాన్ని చదివి, పుస్తకం చంకన పెట్టుకుని, క్యాంటీన్ వైపు నడిచింది.

పిన్ని పొయ్యి ముందుంది. ఎసరు మరుగుతోంది. గరిటె చేతికొచ్చేసింది.

"వచ్చావా తల్లీ" అంది తిరక్కుండానే. "నీ చీటీయే కదే నన్ను గేటు బయట నిలబెట్టింది. మూడు రోజులు వీధిలో తలెత్తుకోలేకపోయాను. మా ఇంటి పక్కావిడ నేనిచ్చిన మజ్జిగ పారబోసింది, నా కళ్లెదురుగానే. అడిగితే పిల్లలున్న ఇల్లమ్మా అంది."

"తప్పు నాదే పిన్నీ."

"నీదే. ఇంకెవరిది?" పిన్ని బియ్యం ఎసట్లో పోసింది. గరిటెతో రెండుసార్లు కలిపింది. కోపం ఇంకా దిగలేదు, మూత కొంచెం గట్టిగానే పెట్టింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని నర్సు చంకలోని పుస్తకం వైపు చూసింది. "బొంగరం చెప్పింది. నీ పుస్తకంలో బాగున్నవాళ్లని కూడా రాస్తావటగా?"

"వాళ్లని రాయకపోతే లెక్క తేలదు పిన్నీ."

"అయితే ఇది రాసుకో. పంతొమ్మిదేళ్లు. రోజుకి రెండు వందల నలభై మంది. తిని లేచి బాగా ఉన్నవాళ్లు. ఇన్నేళ్లలో వాళ్ల లెక్క ఒక్కరూ అడగలేదు నన్ను."

నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది. పుస్తకం మోకాలి మీద పెట్టి, కొత్త పేజీ తిప్పి, స్కేలు కోసం సంచిలో వెతికింది.

"ఏడాదికి ఎన్ని పనిరోజులు పిన్నీ?" అని అడిగింది.